గాలికి గిరి గీయడం

పొగను అదుపులో పెట్టడానికి ప్రభుత్వం ఒక నియమం చేస్తుంది. ఆ నియమం వల్ల గాలి బాగుపడిందా లేదా అని ప్రజలు అడుగుతారు. పైకి చూడగా ఇది తేలికైన ప్రశ్న వలెనే ఉన్నది. నియమానికి ముందొకసారి, తరువాత ఒకసారి గాలిని కొలిస్తే సమాధానం దొరుకుతుందని ఎవరికైనా తోస్తుంది. కాని గాలి విషయంలో ఈ ముందు వెనుకల లెక్క నిలువదు. ఏలనన నిన్నటి గాలి నేడు లేదు. నిన్న వీచిన వేగం, దిక్కు, నిన్నటి ఎండ, మంచు, వాన, ఇవేవీ నేడు అదే విధంగా ఉండవు. పొగ తగ్గినా గాలి స్తంభించిన రోజున ఊరంతా ఉక్కిరిబిక్కిరి కావచ్చును. పొగ పెరిగినా ఒక మంచి వాన కురిస్తే ఆకాశం కడిగిన అద్దంలా కనిపించవచ్చును.

2016 జనవరి 1 నుండి 15 వరకు ఢిల్లీలో సరి-బేసి పద్ధతి అమలు జరిగింది. సరి సంఖ్య కల కార్లు ఒకనాడు, బేసి సంఖ్య కలవి మరునాడు రోడ్డెక్కవలెను. స్కూటర్లకు, మోటారు సైకిళ్లకు మినహాయింపు ఇచ్చారు. ఆ పక్షం రోజులలో కొన్ని దినాలు గాలిలోని సూక్ష్మధూళి తగ్గకపోగా మరింత పెరిగింది. పద్ధతి విఫలమైనదని కొందరు తీర్పు చెప్పారు. ఇది లేకపోతే గాలి ఇంతకన్న పాడయ్యేదని మరి కొందరు వాదించారు. శీతకాలంలో నేలను అంటి ఉండే గాలి పొర పలుచబడి, విడిచిన పొగ అంతా తక్కువ ఎత్తులోనే చిక్కుపడుతుంది. కనుక పోల్చవలసినది డిసెంబరుతో జనవరిని కాదు. కార్లన్నీ యథాప్రకారం తిరిగిన జనవరితో, సగం కార్లు నిలిచిపోయిన అదే జనవరిని పోల్చవలెను. ఈ రెంటిలో ఒకటి ఎన్నడూ జరగలేదు. జరగనిదానిని కొలిచే పరికరం లోకంలో లేదు. దానిని లెక్క కట్టి తెలుసుకోవలసినదే.

ఈ లెక్క కట్టే పనినే నేడు కంప్యూటరు నమూనాలు చేస్తున్నవి. విధానం మంచిదా చెడ్డదా అన్న వివాదం నానాటికీ ఈ నమూనాల చుట్టూనే తిరుగుతున్నది. మన దేశంలో ఇటువంటి వివాదాలలో మిక్కిలి ముఖ్యమైనది 2025 జూలై 11న కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ వెలువరించిన ప్రకటన వల్ల తలెత్తింది. బొగ్గుతో నడిచే విద్యుత్కేంద్రాలలో సుమారు నూటికి 78 వంతుల యూనిట్లకు, గంధక వాయువును వడగట్టే యంత్రాలను అమర్చే బాధ్యత నుండి ఆ ప్రకటన మినహాయింపు ఇచ్చింది. ఆ నిర్ణయానికి ఆధారం శాస్త్రీయ పరిశీలనలే అని ప్రభుత్వం చెప్పింది. వ్యతిరేకించిన వారూ శాస్త్రాన్నే సాక్ష్యానికి పిలిచారు. శాస్త్రం రెండు నాలుకలతో మాట్లాడుతుందా అని విద్యార్థులకు సందేహం కలగడం సహజం. నా అభిప్రాయంలో శాస్త్రం ఒకే మాట చెప్పింది. అడిగిన ప్రశ్నలు వేరు.

ముందుగా ఈ నమూనా అనేది ఏమిటో కొంచెం చూడవలెను. ఒక రాష్ట్రాన్నో దేశాన్నో చదరంగపు బల్ల వలె గడులుగా విభజిస్తారు. నేల మీదనే గాక పైకి కూడా అంతస్తులు అంతస్తులుగా గడులు పేరుస్తారు. ఒక్కొక్క గడిలో ఏ పొగ గంటకు ఎంత వెలువడుతున్నదో పట్టిక వ్రాస్తారు. గాలి ఎటు వీస్తున్నదో, ఎంత ఎండ ఉన్నదో, ఎంత తేమ ఉన్నదో వాతావరణ శాఖ లెక్కలనుండి తీసికొంటారు. ఒక గడిలోని పొగ పక్క గడిలోకి ఎంత పోతుంది, దారిలో రసాయనిక చర్యలవల్ల ఏమి మారుతుంది, ఎంత నేలకు దిగుతుంది అన్న సమీకరణాలను ప్రతి గడికీ, ప్రతి కొన్ని నిమిషాలకూ కంప్యూటరు సాధిస్తుంది. తరువాత ఫలానా కేంద్రంలో వడపోత యంత్రం ఉన్నట్లు పట్టికలో ఒక అంకె మార్చి, తక్కిన వానిని ముట్టకుండా అదే లెక్క మళ్లీ చేయిస్తారు. గాలి అదే, ఎండ అదే, వాన అదే. మారినది విధానం ఒక్కటే. రెండు లెక్కల మధ్య భేదమే ఆ విధానపు ఫలితం.

ఆలోచన కంప్యూటరు కన్న పాతది. లూయీ ఫ్రై రిచర్డ్సన్ అనే ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, కాగితం మీద, ఐరోపాను గడులుగా విభజించి ఆరు గంటల వాతావరణాన్ని చేతితో లెక్క కట్టాడు. ఆ లెక్క ఘోరంగా తప్పింది. అయినా 1922లో దానిని దాచకుండా పుస్తకంలో అచ్చువేశాడు. వాతావరణంతో సమానంగా పరుగెత్తడానికి 64,000 మంది గణకులు ఒక మహాశాలలో కూర్చొని లెక్కలు చేయవలెనని అందులో ఊహించాడు. 1950లో ఎనియాక్ అనే కంప్యూటరు మీద మొదటి వాతావరణ గణన జరిగేవరకు అది స్వప్నంగానే ఉండిపోయింది. తప్పిన లెక్కను అచ్చువేసిన ఆ నిజాయితీని నేటి విధానకర్తలు ఎందరు చూపగలరో చెప్పలేను.

నమూనాలు ప్రభుత్వాల నిర్ణయాలను నిజంగా మార్చిన ఉదాహరణ కావలెనంటే ఐరోపాకు పోవలెను. మనది కూడా గంధకపు సమస్యయే కాబట్టి ఆ కథ మనకు బాగా పనికివస్తుంది. 1967లో స్వాంటే ఓడెన్ అనే స్వీడిష్ శాస్త్రజ్ఞుడు స్టాక్‌హోం దినపత్రికలో ఒక వ్యాసం వ్రాశాడు. స్వీడన్ సరస్సులలో చేపలు చచ్చిపోవడానికి కారణం ఆమ్ల వర్షమనీ, ఆ ఆమ్లానికి మూలమైన గంధకం బ్రిటన్‌లోను, మధ్య ఐరోపాలోను కాల్చిన బొగ్గునుండి వస్తున్నదనీ ఆయన వాదన. దీనిని మొదట చాలమంది నమ్మలేదు. ఆ రోజులలో బ్రిటన్‌లో విద్యుత్కేంద్రాలకు ఎత్తయిన పొగగొట్టాలు కట్టడమే కాలుష్య నివారణగా భావించేవారు. గొట్టం ఎత్తు పెంచితే చుట్టుపక్కల ఊళ్లలో గాలి తేటపడుతుంది, అది నిజమే. కాని గంధకం మాయం కాదు. సముద్రం దాటి నార్వే, స్వీడన్ అడవులమీద, సరస్సులమీద దిగుతుంది.

1979లో జెనీవాలో ఐరోపా దేశాలు ఒక ఒడంబడిక చేసికొన్నవి. 1985లో హెల్సింకీలో మరొక అడుగు వేసి, 1980 నాటి గంధకాన్ని ప్రతి దేశమూ 1993 నాటికి నూటికి ముప్పయి వంతులు తగ్గించవలెనన్నారు. అందరికీ ఒకే కొలత. ఇది వినడానికి న్యాయంగా ఉన్నది. కాని ఒక దేశం వదిలిన గంధకం సముద్రంలో పడి నష్టం చేయకపోవచ్చును, మరొక దేశం వదిలిన అంతే గంధకం సున్నితమైన సరస్సులను చంపవచ్చును. ఒకచోట టన్ను గంధకాన్ని తగ్గించడానికి వంద రూపాయలైతే మరొకచోట వేయి కావచ్చును. బ్రిటన్ ఆ ఒప్పందంమీద సంతకమే చేయలేదు.

ఈ చిక్కును విడదీయడానికి ఆస్ట్రియాలో వియన్నా దగ్గర లాక్సెన్‌బర్గ్ అనే ఊరిలోని ఒక పాత రాజభవనం వేదిక అయింది. అమెరికా, రష్యా పోటీ ముమ్మరంగా ఉన్న కాలంలోనే, 1972లో, ఆ రెండు పక్షాల శాస్త్రజ్ఞులు కలిసి పనిచేయడానికి అక్కడ ఒక అంతర్జాతీయ సంస్థ వెలసింది. అక్కడివారు 1980 తరువాతి సంవత్సరాలలో రెయిన్స్ అనే నమూనాను తయారుచేశారు. ఐరోపా అంతటినీ 150 కిలోమీటర్ల గడులుగా విభజించిన గాలి లెక్కలను దానికి ఆధారం చేసికొన్నారు. ఏ దేశపు గంధకం ఏ గడిలో ఎంత దిగుతున్నది, ఆ గడిలోని నేల, నీరు ఎంతవరకు భరించగలవు, ఏ దేశంలో ఎంత ఖర్చుతో ఎంత తగ్గించవచ్చును అన్న మూడు లెక్కలను అది జోడించింది. చర్చలకు వచ్చిన ప్రతినిధులు ఒక అంకె మార్చి ఫలితం ఎట్లా మారుతుందో చూడగలిగారు. తమ దేశపు అంకెలు తప్పని తోస్తే సవరణ కోరగలిగారు. తమకు నష్టం చేసే నమూనానైనా సరే, లోపల ఏముందో చూడగలిగినప్పుడు మనుషులు దానిని కొంతవరకు నమ్ముతారు. చేసినవాడు ఎంత పండితుడైనా మూసిపెట్టిన పెట్టెను ఎవరూ నమ్మరు.

1994లో ఓస్లోలో కుదిరిన కొత్త ఒప్పందం ఈ లెక్కల ఆధారంతోనే సాగింది. ఈసారి అందరికీ ఒకే కొలత లేదు. దేశానికొక పాలు. ముప్పయి వంతులకే ఒప్పుకోని బ్రిటన్ 2010 నాటికి 1980తో పోల్చి నూటికి ఎనభై వంతులు తగ్గిస్తానని ఒప్పుకొన్నది. 1999లో గోటెన్‌బర్గ్ ఒప్పందం గంధకంతో పాటు నత్రజని ఆక్సైడులనూ, అమ్మోనియానూ, ఆవిరయ్యే కర్బన పదార్థాలనూ కలిపి ఒకే లెక్కలోకి తెచ్చింది. తరువాతి సంవత్సరాలలో ఐరోపాలో గంధకం చాల తగ్గిపోయింది. ఈ ఘనత అంతా నమూనాదే అనడం సత్యం కాదు. తూర్పు ఐరోపాలో పాత కర్మాగారాలు మూతపడినవి. బ్రిటన్ బొగ్గునుండి సహజ వాయువుకు మారింది. అయినా ఎవరు ఎంత తగ్గించవలెనన్న పేచీని యుద్ధంగా గాక లెక్కగా మార్చినది ఆ నమూనాయే.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 2015 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం బొగ్గు విద్యుత్కేంద్రాలనుండి వెలువడే సల్ఫర్ డయాక్సైడ్ అనే గంధక వాయువుకు మొదటిసారి హద్దులు పెట్టింది. 2017కు ముందు కట్టిన 500 మెగావాట్లు, అంతకు మించిన యూనిట్లకు ఘనపు మీటరు పొగలో 200 మిల్లీగ్రాములు, అంతకు చిన్నవానికి 600, కొత్తవానికి 100. గడువు రెండేళ్లు. ఆ గడువు 2017లో తీరింది. తరువాత పలుమార్లు దానిని పొడిగించారు. మొత్తం 537 యూనిట్లకు యంత్రాలు అమర్చవలెనని అంచనా వేయగా, పదేళ్లు గడిచేసరికి అవి నడుస్తున్న యూనిట్లు అతి స్వల్పం. ఇంతలో, మేరీలాండ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఉపగ్రహాల కొలతలనుబట్టి 2017లో ఒక సంగతి ప్రకటించారు. 2007 నుండి చైనాలో ఈ వాయువు నూటికి 75 వంతులు తగ్గగా, భారతదేశంలో 50 వంతులు పెరిగినదని.

2025 ప్రకటన యూనిట్లను మూడు తరగతులుగా విభజించింది. రాజధాని ప్రాంతానికి గాని, పది లక్షలు దాటిన నగరానికి గాని 10 కిలోమీటర్ల లోపల ఉన్నవి మొదటి తరగతి. వానికి యంత్రాలు తప్పవు. గడువు 2027 డిసెంబరు. తీవ్ర కాలుష్య ప్రాంతాలకు, గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాలకు 10 కిలోమీటర్ల లోపల ఉన్నవి రెండవ తరగతి. వాని సంగతి నిపుణుల సంఘం ఒక్కొక్కటిగా తేల్చవలెను. తక్కినవన్నీ మూడవ తరగతి. నూటికి 78 వంతులు ఇవే. వీనికి యంత్రం అక్కరలేదు, పొగగొట్టం ఎత్తు నియమాలను 2029 చివరకు పాటిస్తే చాలును. పొగగొట్టం ఎత్తు! ఓడెన్ వ్యాసం వ్రాసిన నాటి బ్రిటన్ మందును మనం మళ్లీ తీసికొంటున్నామా అని అడగవలసి వస్తున్నది.

ప్రభుత్వం చూపిన ముఖ్యమైన ఆధారం ఇది. దేశంలోని నగరాలలో కొలిచిన గంధక వాయువు ఘనపు మీటరు గాలిలో 3 నుండి 20 మైక్రోగ్రాముల వరకే ఉన్నది. మన ప్రమాణం 80. వడపోత యంత్రం ఉన్నచోటా, లేనిచోటా పెద్ద భేదం కనిపించలేదు. ఈ మాటలో అబద్ధం లేదు. కాని పాలు తోడుకొని పెరుగైన తరువాత ఇంటికి వచ్చి, కుండలో పాలు లేవు గనుక ఈ ఇంట పాడియే లేదని చెప్పినట్లున్నది.

గంధక వాయువు గాలిలో వాయువుగానే ఉండిపోదు. ఎండలోను, మేఘపు నీటిలోను అది ఆమ్లజనితో కలిసి గంధకికామ్లమవుతుంది. పొలాలలో చల్లిన యూరియానుండి, పశువుల పేడనుండి లేచిన అమ్మోనియా ఆ ఆమ్లాన్ని పట్టుకొంటుంది. అప్పుడు ఏర్పడేది అమ్మోనియం సల్ఫేటు అనే సన్నని రేణువు. పి.ఎం. 2.5 అని మనం పిలిచే, ఊపిరితిత్తుల అట్టడుగుకు చేరే ధూళిలో ఇదొక ప్రధానమైన భాగం. పదవ తరగతి విద్యార్థి అణుభారాలతో ఈ లెక్క చేయగలడు. గంధక వాయువు అణుభారం 64, అమ్మోనియం సల్ఫేటుది 132. అనగా ఒక టన్ను వాయువు పూర్తిగా మారితే రెండు టన్నులకు మించిన ధూళి అవుతుంది. ఈ ధూళి పొగగొట్టంలో ఎక్కడా కనిపించదు. అక్కడ ఎంత మంచి ధూళి వడపోత పెట్టినా ఇది పట్టుబడదు. పుట్టేది తరువాత, దారిలో.

దారి ఎంత దూరమన్నదే అసలు ప్రశ్న. గంటకు నూటికి ఒకటి రెండు పాళ్ల వాయువు రేణువుగా మారుతుందనుకొందాం. మేఘాలలో ఇంకా వేగంగానే జరుగుతుంది. గాలి గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వీస్తే 10 కిలోమీటర్లు దాటడానికి పట్టేది 40 నిమిషాలు. ఆ లోపల నూటికి ఒక పాలు మారితే గొప్ప. తక్కిన 99 పాళ్లూ ఆ పది కిలోమీటర్ల గిరి దాటిన తరువాతనే తమ పని మొదలుపెడుతున్నవి. రామగుండం విద్యుత్కేంద్రంనుండి హైదరాబాదుకు సరళరేఖలో దూరం సుమారు 200 కిలోమీటర్లు. చలికాలంలో ఈశాన్యపు గాలి వీచేటప్పుడు అదే వేగాన ఆ దూరం దాటడానికి పదమూడు గంటలు. ఆపాటికి పదింట ఒకటి రెండు వంతులు రేణువులైపోయి ఉంటవి. అందులో దారిలో ఎంత చెదిరిపోతుంది, హైదరాబాదులో ఎంత దిగుతుంది అన్నది మాటలతో తేలేది కాదు, గిరి గీస్తే తేలేది అసలే కాదు. గాలి, రసాయనం రెండూ కలిపి లెక్క కట్టే నమూనా ఒక్కటే చెప్పగలదు. ఇటువంటి సందర్భంలోనే దాని అవసరం. నిర్ణయాన్ని మాత్రం వృత్తలేఖినితో గీసిన వృత్తానికి వదిలిపెట్టాం.

యంత్రాలు వద్దనేవారి వాదాలలో బలం లేదని నేను అనను. మన బొగ్గులో గంధకం తక్కువ, నూటికి సుమారు అర వంతు. బూడిదయే ఎక్కువ. ఒక్కొక్క మెగావాటుకు సుమారు కోటి రూపాయలకు పైగా ఖర్చు. ఆ ఖర్చు తిరిగి తిరిగి కరెంటు బిల్లులోకే వస్తుంది. యంత్రం నడపడానికి కరెంటు కావలెను, నీరు కావలెను, సున్నపురాయి కావలెను. ఇవి నిజమైన కష్టాలు. కాని తక్కువ గంధకమన్న మాటను కూడా లెక్కలో పెట్టి చూడవలెను. 500 మెగావాట్ల యూనిట్ పూర్తి శక్తితో నడిస్తే గంటకు సుమారు 350 టన్నుల బొగ్గు కాలుతుంది. అర వంతు గంధకమంటే 1.75 టన్నులు. దానినుండి 3.5 టన్నుల వాయువు. కొంత బూడిదలో మిగిలినా, రోజుకు ఎనభై టన్నుల చిల్లర. ఒక్క యూనిట్‌కు ఇది.

మరొక వాదం ఉన్నది. సున్నపురాయితో గంధకాన్ని పట్టేటప్పుడు బొగ్గుపులుసు వాయువు వెలువడుతుందనీ, అది భూమిని వేడెక్కిస్తుందనీ చెప్తున్నారు. ఇదీ నిజమే. 64 పాళ్ల గంధక వాయువును పట్టితే 44 పాళ్ల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. మన 500 మెగావాట్ల యూనిట్‌లో ఇది గంటకు 2.4 టన్నులు. అదే యూనిట్ బొగ్గును కాల్చి గంటకు వదిలేది సుమారు 475 టన్నులు. అనగా నూటికి అర వంతు. యంత్రానికి పట్టే కరెంటును కలిపినా రెండు వంతులు దాటడం కష్టం. సల్ఫేటు రేణువులు ఎండను వెనుకకు తిప్పి భూమిని చల్లబరుస్తవి గనుక వానిని ఉండనిద్దామన్న మాట కూడా ఒకటి వినవచ్చింది. శాస్త్రం ప్రకారం మొదటి సగం సరియైనదే. రెండవ సగం పసిపిల్లల ఊపిరితిత్తులను భూమికి గొడుగుగా పట్టమనడం.

అయితే నమూనా చెప్పినదంతా వేదం కాదు. అది తిన్న అంకెల పట్టిక ఎటువంటిదో ఫలితమూ అటువంటిదే. దీనికి ఢిల్లీయే సాక్ష్యం. 2016లో వెలువడిన కాన్పూరు ఐ.ఐ.టి. నివేదికలో, ఉద్గారాల పట్టిక ప్రకారం ఢిల్లీ సూక్ష్మధూళిలో రోడ్డు దుమ్ము వాటా నూటికి 38. వాహనాలది 20. కాని అదే నివేదికలో, చలికాలంలో గాలిని వడకాగితం మీద పట్టి రసాయనికంగా పరీక్షించినప్పుడు దుమ్ము వాటా చాల చిన్నది. దానిలో సుమారు 30 వంతులు గాలిలోనే పుట్టిన రేణువులు. మన సల్ఫేటులు, నైట్రేటులు అవే. పట్టిక ఒకటి చెప్పింది, వడకాగితం ఒకటి చెప్పింది. పట్టిక పొగగొట్టం దగ్గర, రోడ్డు పక్కన ఏమి లేస్తున్నదో వ్రాస్తుంది. దారిలో పుట్టేదానికి అందులో గడి లేదు. రెంటినీ కలిపి చదివే ఓపిక లేనివాడు తనకు నచ్చిన అంకెను ఎత్తుకొని పోతాడు.

సరిగా అదే జరిగింది. 2019లో ప్రారంభమైన జాతీయ శుద్ధ వాయు కార్యక్రమం కింద ఖర్చయిన డబ్బులో నూటికి 64 వంతులు రోడ్ల దుమ్ము అణచడానికే పోయినదని సైన్స్ పర్యావరణ కేంద్రం 2024లో తేల్చింది. పరిశ్రమల పొగకు దక్కినది నూటికి ఒక వంతైనా లేదు. ఈ కార్యక్రమంలోని 131 నగరాలలో ఆంధ్రప్రదేశ్‌వి పదమూడు, తెలంగాణవి నాలుగు. విశాఖ, విజయవాడ, నెల్లూరు, హైదరాబాదు, నల్లగొండ వీనిలోనివే. నగరం బాగుపడినదా లేదా అని ఇందులో ముఖ్యంగా చూసేది పి.ఎం. 10 అనే లావు ధూళిని. లావు ధూళిని కొలిస్తే నీళ్లు చల్లే లారీలు కొంటారు. సన్నధూళిని, అందులోని సల్ఫేటును కొలిస్తే ఊరి బయట, వంద కిలోమీటర్ల అవతల ఉన్న పొగగొట్టాన్ని అడగవలసి వస్తుంది. నగరపాలక సంఘానికి ఆ పొగగొట్టం మీద అధికారం లేదు. 2018లో టెరి సంస్థ వారి నమూనా, చలికాలపు ఢిల్లీ సూక్ష్మధూళిలో ఢిల్లీ స్వయంగా పుట్టించినది నూటికి 36 వంతులేనని చూపింది. తక్కినది పొరుగు జిల్లాలదీ, పొరుగు రాష్ట్రాలదీ. ఊరికొక కార్యక్రమం, ఊరికొక నిధి పెట్టుకొన్న మన ఏర్పాటు ఈ ఒక్క అంకె ముందు నిలువలేదు.

తెలుగు రాష్ట్రాల మధ్యనే దీనికి ఉదాహరణ ఉన్నది. నల్లగొండ జిల్లా దామరచర్ల దగ్గర యాదాద్రి విద్యుత్కేంద్రం 4,000 మెగావాట్లది. కృష్ణకు ఆవలి ఒడ్డున పల్నాడు. నీటి పంపకానికి రెండు రాష్ట్రాల మధ్య న్యాయస్థానాలు, సంఘాలు, కొలత గేట్లు ఉన్నవి. గాలి పంపకానికి ఏమీ లేదు. ఇబ్రహీంపట్నం పొగ ఏ నెలలో ఖమ్మం వైపు పోతుందో, పాల్వంచ, మణుగూరుల పొగ ఏ నెలలో గోదావరి జిల్లాలకు దిగుతుందో చెప్పే లెక్క రెండు ప్రభుత్వాలూ కలిసి ఒప్పుకొన్నది ఒక్కటి కూడా ప్రజల ముందు లేదు. ఐరోపాలో ముప్పయి దేశాలు, అందులో ఒకదానిని ఒకటి శత్రువుగా చూసుకొన్నవి కూడా, ఒకే నమూనా ముందు కూర్చున్నవి. ఒకే భాష మాట్లాడే రెండు రాష్ట్రాలకు అది అసాధ్యమనుకోను.

2025 నిర్ణయానికి ఆధారమైన పరిశీలనలను కూడా ఆ విధంగానే బల్లమీద పెట్టవలసి ఉన్నది. అడగవలసినవి పెద్ద విషయాలు కావు. ఏ కేంద్రం గంటకు ఎంత వాయువు వదులుతున్నట్లు పట్టికలో వ్రాశారు? ఏ సంవత్సరపు గాలిని తీసికొన్నారు? వాయువు రేణువుగా మారే చర్యను లెక్కలో చేర్చారా, లేదా పొగగొట్టం చుట్టూ వాయువునే కొలిచి ఊరుకొన్నారా? చేర్చి ఉంటే, పది కిలోమీటర్లన్న అంకె ఆ లెక్కలో ఏ వరుసనుండి వచ్చింది? ఈ సమాధానాలు, వానితోపాటు పట్టికలు బయట పెడితే హైదరాబాదులోనో, విశాఖలోనో ఒక విశ్వవిద్యాలయ విద్యార్థి ఆ లెక్కను మళ్లీ చేసి చూడగలడు. ఇరవై సంవత్సరాల కిందట పెద్ద ప్రయోగశాలలకే పరిమితమైన ఈ నమూనాలలో చాల భాగం నేడు ఉచితంగా దొరుకుతున్నవి. కొరతగా ఉన్నది కంప్యూటరు కాదు, అందులో పెట్టవలసిన మన అంకెలు.

వానితోపాటు మరొక కొరత కూడా ఉన్నది. నమూనా చెప్పినది నిజమా అని పరీక్షించడానికి గాలిలోని సల్ఫేటును అనుదినమూ కొలవవలెను. మన నగరాలలోని కాలుష్య కేంద్రాలు ధూళిని తూచి బరువు చెప్తున్నవి, గంధక వాయువును కొలిచి అంకె చెప్తున్నవి. ఆ ధూళి దేనితో తయారైనదో విడమరచి చూసే పరీక్ష ప్రత్యేక పరిశోధనల కాలంలో కొన్నాళ్లు జరిగి ఆగిపోతున్నది. మొదటి తరగతి కేంద్రాల గడువు 2027 డిసెంబరుతో ముగుస్తుంది. ఆనాటికి యంత్రాలు నిజంగా నడిస్తే, వానికి గాలివాలున ఉన్న ఊళ్లలో సల్ఫేటు ఎంత తగ్గినదో కొలిచి, మూడవ తరగతికి ఇచ్చిన మినహాయింపు సరియో కాదో తేల్చుకొనే అవకాశం ఒకటి వస్తుంది. అందుకు ముందటి కొలతలు ఇప్పటినుండే తీసి పెట్టుకోవలసి ఉంటుంది.